అల్బేనియన్ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ధ్వని మార్పులతో ఎలా తేల్చాలి

అల్బేనియన్‌లో కొండను 'మాల్' అంటారు. తిరుమల, నల్లమల అని రోజూ అనే మనకు ఆ మాట వినగానే చుట్టరికం కలపాలనిపిస్తుంది. కలపకండి. అల్బేనియన్‌కూ ద్రావిడ భాషలకూ బంధుత్వం ఉందని చూపే ఆధారం ఏదీ లేదు. ఆ 'మాల్'కు పోల్చదగ్గ మాటలు రొమేనియన్‌లోనూ లాట్వియన్‌లోనూ ఉన్నాయి. అక్కడ వాటికి ఒడ్డు, అంచు అని అర్థం. ఒకేలా వినిపించడం ఒక్కటే సాక్ష్యమైతే ప్రపంచంలో ఏ రెండు భాషలనైనా కలిపేయొచ్చు.

మరి దేన్ని నమ్మాలి? ధ్వని మార్పుల్ని. ఒక కాలంలో ఒక భాషలో ఒక ధ్వని మారితే, అప్పటికి ఆ భాషలో ఉన్న మాటల్లో, అదే పరిస్థితి ఉన్న చోటల్లా మారుతుంది. తర్వాత వచ్చి చేరిన మాటలకు ఆ మార్పు అంటదు. అందుకే ఒక మాట ఏ మార్పులకు లోనైందో, వేటిని తప్పించుకుందో చూస్తే, అది ఆ భాషలోకి ఎప్పుడు వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క పనినే వరసగా ఎలా చేయాలన్నది.

ఈ భాషనే ఎందుకు ఎంచుకోవాలంటే, ఇందులో పొరలు చాలా స్పష్టంగా ఉంటాయి. అల్బేనియన్ ఇండో-యూరోపియన్ కుటుంబంలో తనకంటూ వేరే శాఖ. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లతో పాటు ఇదీ ఆ కుటుంబానిదేనని 1854లో ఫ్రాంజ్ బాప్ నిరూపించాడు. 1891లో గుస్తావ్ మేయర్ వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చినప్పుడు, 5 వేలకు పైగా మాటల్లో సుమారు 400 మాత్రమే మూల భాష, అంటే ఈ కుటుంబంలోని భాషలన్నీ పుట్టిన పాత భాష, నుంచి నేరుగా వచ్చాయని తేల్చాడు. మిగతావి ఎక్కువగా లాటిన్, టర్కిష్, గ్రీకు, స్లావిక్ భాషల నుంచి తెచ్చుకున్నవి. తర్వాత వియన్నాలో నోర్బర్ట్ యోక్ల్, అల్బేనియాలో ఎక్రెమ్ చబేయ్ ఆ సొంత మాటల సంఖ్యను బాగా పెంచారు. యోక్ల్ యూదుడు. 1942లో నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయాడు. ఈ భాష గురించి ఈరోజు మనం ధైర్యంగా చెప్పగలిగే సంగతుల్లో చాలా వాటి వెనక ఆయన శ్రమ ఉంది.

1. ముందు అక్షరాన్ని కాదు, ధ్వనిని చదవండి

1908లో మనాస్తిర్‌లో (ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని బితోల) జరిగిన సభలో అల్బేనియన్లు లాటిన్ లిపిని ఖాయం చేసుకున్నారు. మొత్తం 36 అక్షరాలు. వీటిలో కొన్ని రెండేసి గుర్తులు కలిపి రాసేవి, అక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. జి, జె కలిపి రాస్తే అది గ-జ మధ్యలో పలికే తాలవ్య ధ్వని. ఇక్కడ దాన్ని 'గ్య' అని రాస్తాను. క్యూ అక్షరం 'క్య'. టి, హెచ్ కలిస్తే ఇంగ్లీషు 'థింక్'లోని థ. డి, హెచ్ కలిస్తే 'దిస్'లోని మొదటి ధ్వని, దాన్ని 'ధ' అని రాస్తాను. ఇది మన మహాప్రాణం కాదని గుర్తుంచుకోండి. ఇంగ్లీషు 'e' అక్షరం పైన రెండు చుక్కలు పెడితే అది పొట్టి 'అ'. ఇంగ్లీషు 'a' అక్షరాన్ని 'ఆ'తో చూపిస్తాను.

2. రెండు మాండలికాల రూపాలూ, దొరికితే పాత రూపమూ పట్టుకోండి

ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లకండి. ష్కుంబిన్ నదికి ఉత్తరాన గేగ్ మాండలికం, దక్షిణాన తోస్క్ మాండలికం. 1972 నుంచి నడుస్తున్న ప్రామాణిక భాష ప్రధానంగా తోస్క్ మీద కట్టింది. నిఘంటువులో మీకు ముందు కనబడేది తోస్క్ రూపమే. కానీ తోస్క్‌లో ఒక పెద్ద మార్పు జరిగింది. అచ్చుల మధ్య ఉన్న 'న' చాలా చోట్ల 'ర' అయిపోయింది. గేగ్‌లో ఆ మార్పు లేదు.

పేరు అనే మాట చూడండి. తోస్క్‌లో 'ఎమర్', గేగ్‌లో 'ఎమన్'. ప్రామాణిక రూపం ఒక్కటే చూస్తే మన 'నామం' మీకు గుర్తుకు రాదు. గేగ్ రూపం పక్కన పెట్టగానే గుర్తుకొస్తుంది. ఆ రెండూ నిజంగానే ఒక మూలానివి. చలికాలం తోస్క్‌లో 'దిమర్', గేగ్‌లో 'దిమన్'. ఇది 'హిమ'తో సోదర పదం. ఇసుక తోస్క్‌లో 'రర', గేగ్‌లో 'రాన'. ఇది లాటిన్ 'అరేనా'. అందుకని తోస్క్ మాటలో 'ర' కనిపిస్తే వెంటనే గేగ్ రూపం వెతకండి. అక్కడ 'న' ఉంటే అసలు ధ్వని అదే.

పాత రాతలు కూడా ఇలాగే పనికొస్తాయి. అల్బేనియన్‌లో మనకు దొరికిన తొలి వాక్యాల్లో ఒకటి 1462 నాటిది. దుర్రస్ ఆర్చిబిషప్ పాల్ ఎంగ్యల్లి రాసిచ్చిన బాప్తిస్మ వాక్యం అది, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామమున నేను నీకు బాప్తిస్మమిస్తున్నాను అని. అందులో 'నామమున' అనే చోట 'ఎమెనిత్' అని, 'న'తోనే ఉంది. మన బైబిలు అనువాదంలోని 'నామము', ఆ 1462 నాటి మాట ఒకే మూలం నుంచి బయల్దేరాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదటి ముద్రిత పుస్తకం ఇంకో వందేళ్లకు, 1555లో వచ్చింది. గ్యోన్ బుజుకు అనే మతగురువు తెచ్చిన ప్రార్థన గ్రంథం అది. ఒక్క ప్రతి మిగిలింది. 1740లో అది రోమ్‌లో మళ్లీ బయటపడింది. ఇటలీలో 15వ శతాబ్దం నుంచి స్థిరపడిన అల్బేనియన్ సంతతివాళ్లైన అర్బరెష్ ప్రజల మాటల్లోనూ పాత ధ్వనులు నిలిచి ఉన్నాయి. నాలుక, భాష అనే అర్థాలున్న మాట ఇప్పుడు 'గ్యుహ'. పాత రూపం, అర్బరెష్ రూపం 'గ్లుహ'. పాలను ఇప్పుడు 'క్యుమష్త్' అంటారు, పాత రూపం 'క్లుమష్త్'. అంటే కొన్ని 'గ్య'లు, 'క్య'లు ఈమధ్య కాలంలో 'గ్ల', 'క్ల' నుంచి పుట్టినవి. ఇది తెలియకపోతే కింద 5వ మెట్టులో చెప్పబోయే సూత్రాన్ని 'గ్యుహ'కు వర్తింపజేసి తప్పుదారిలో పడతారు.

3. పైపొర నుంచి మొదలుపెట్టండి: టర్కిష్, స్లావిక్

పురావస్తు తవ్వకంలో లాగే కొత్త పొరను ముందు తీసేయాలి. ఒట్టొమన్ పాలన 1912 దాకా సాగింది. కాబట్టి ముందు టర్కిష్‌ను పరీక్షించండి. ఇక్కడ మనకు నిజమైన సాయం ఉంది. అరబిక్, పర్షియన్ మాటలు అటు టర్కిష్ ద్వారా అల్బేనియా ఉన్న ఆగ్నేయ ఐరోపాకు, అంటే బాల్కన్‌లకు వెళ్లాయి, ఇటు పర్షియన్, ఉర్దూల ద్వారా తెలుగులోకి వచ్చాయి. 'దుక్యాన్' మన దుకాణం. 'పాజార్' మన బజారు. 'కాలాయ్' అంటే తగరం, మన ఇత్తడి గిన్నెలకు పోయించే కళాయి. ఇంకో 'మాల్' ఉంది, సరుకు అని అర్థం, ఎల్ అక్షరం రెండుసార్లు రాస్తారు. అది మన వ్యాపారులు అనే 'మాలు'. కొండకు దీనికి ఏ సంబంధమూ లేదు.

ఏ దారిన వచ్చిందో కూడా చెప్పొచ్చు. జేబును 'జెప్' అంటారు, లెక్కను 'హెసాప్' అంటారు. అరబిక్‌లో ఈ రెండింటి చివరా 'బ' ఉంది, మన జేబులో, హిసాబులో కూడా ఉంది. మాట చివరి 'బ'ను 'ప' చేసేది టర్కిష్. అల్బేనియన్‌లో 'ప' ఉందంటే ఆ మాటలు టర్కిష్ నోట నలిగి వచ్చాయన్నమాట. చివర '-జీ' అని పనివాణ్ణి సూచించే ప్రత్యయం, '-లక్' అని భావాన్ని సూచించే ప్రత్యయం కనిపిస్తే టర్కిష్ ప్రభావం ఉందని అనుకోవచ్చు. కానీ ప్రత్యయం టర్కిష్ అయినంత మాత్రాన ధాతువు కూడా టర్కిష్ కానక్కర్లేదు.

స్లావులు బాల్కన్‌లకు వచ్చింది 6, 7 శతాబ్దాల్లో. ఆచారం అనే అర్థంలో 'జాకోన్' అనే మాట స్లావిక్ నుంచి వచ్చింది. అచ్చుల మధ్య 'న' ఉన్నా తోస్క్‌లో అది 'జాకోర్' కాలేదు. అంటే ఆ మాట వచ్చేసరికి 'న'ను 'ర' చేసే మార్పు ఆగిపోయింది. కొడవలి లాంటి పెద్ద కోత పనిముట్టు 'కోస'లో 'స' అలాగే ఉంది, 'ఒ' అలాగే ఉంది. ఈ మూడు లక్షణాలు, అంటే చెదరని 'న', చెదరని 'స', చెదరని 'ఒ' కలిసి కనిపిస్తే ఆ మాట వయసు తక్కువ అని అనుమానించండి. అవి చెదిరిన మాటలు ఎలా ఉంటాయో వచ్చే రెండు మెట్లలో చూస్తారు.

4. లాటిన్‌కు ఎక్కువ సమయం ఇవ్వండి

క్రీ.పూ. 168లో రోమన్లు పశ్చిమ బాల్కన్‌లలోని ప్రాచీన జాతి అయిన ఇల్లిరియన్ల రాజు గెంతియస్‌ను ఓడించాక, కొన్ని శతాబ్దాల పాటు లాటిన్ మాటలు వచ్చిపడ్డాయి. వీటిని పట్టుకోవడానికి ముందు లాటిన్ మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలికేవారో చూడండి. ఆ అక్షరం బతుకుతుంది. దాని ముందువి చిక్కిపోతాయి, వెనకవి రాలిపోతాయి. స్నేహితుడు 'అమీకుస్' నుంచి 'మిక్' మిగిలింది. చక్రవర్తిని చెప్పే 'ఇంపెరాతోర్' రాజు అనే అర్థంలో 'మ్బ్రెత్' అయింది. 'కివితాతెమ్' నుంచి నగరం 'క్యుతెత్'. గుర్రం 'కబల్లుస్' నుంచి 'కాల'. ఇంత నలిగిన మాటను చూపు మీద పోల్చుకోవడం కష్టం, సూత్రం తెలిస్తేనే పోల్చుకోగలం.

తర్వాత హల్లులు. లాటిన్ 'స' ఇక్కడ 'ష' అవుతుంది. చేప 'పిస్కిస్' నుంచి 'పెష్క్', శతాబ్దం 'సైకులుమ్' నుంచి 'షెకుల్'. ఊరి పేర్లలోనూ ఇదే జరిగింది. స్కోద్రా ఇప్పుడు 'ష్కోదర్'. స్కుపి ఇప్పుడు 'ష్కుప్', అంటే మనం మ్యాపుల్లో స్కోప్యె అని చూసే నగరం. లాటిన్‌లో ఎ, ఇ అచ్చుల ముందున్న 'క' ఇక్కడ 'క్య'గా మిగిలింది. ఆకాశం 'కైలుమ్' నుంచి 'క్యెల్', వంద 'కెంతుమ్' నుంచి 'క్యింద్'. ఇటాలియన్‌లో ఆ 'క' 'చ' అయిపోయింది. అల్బేనియన్‌లో కాలేదంటే, లాటిన్ మాట్లాడేవాళ్లు ఇంకా దాన్ని 'క' అనే పలుకుతున్న రోజుల్లోనే ఈ మాటలు వచ్చాయి. లాటిన్ 'క్త' ఇక్కడ 'ఫ్త' లేదా 'య్త' అవుతుంది. 'లుక్తా' నుంచి యుద్ధం 'లుఫ్త'. 'దిరెక్తుస్' నుంచి 'ద్రెయ్త్', నేరుగా అని అర్థం.

ప్రాచీన గ్రీకు మాటలు తక్కువే, కానీ విలువైనవి. తిరగలి రాయిని తోస్క్‌లో 'మోకర్', గేగ్‌లో 'మోకన్' అంటారు. ఇది యంత్రం అనే అర్థమున్న 'మాఖనా', ప్రాచీన గ్రీకులోని డోరిక్ మాండలికపు రూపం. గ్రీకులోని దీర్ఘ 'ఆ' ఇక్కడ 'ఒ' అయింది. ఇప్పుడు లాటిన్ 'స్కాలా' చూడండి. అక్కడా దీర్ఘ 'ఆ' ఉంది, కానీ మెట్లు అనే మాట 'ష్కాల' అయింది, 'ష్కోల' కాలేదు. శాంతి 'పాకెమ్' కూడా 'పాక్యె' అయింది. అంటే 'ఆ' 'ఒ'గా మారడం లాటిన్ రాకముందే ముగిసింది, 'మోకర్' అంతకుముందే భాషలోకి వచ్చింది. ఒక్క రాత ఆధారం కూడా లేని కాలంలో తిరగలి రాయి పేరు రోమన్ల కంటే ముందు వచ్చిందని ఇంత కచ్చితంగా చెప్పగలగడం ఈ విద్య గొప్పతనం.

5. మిగిలిన మాటను మూల భాషతో సరిచూడండి

ఇక్కడ సంస్కృతం తెలిసినవాళ్లకు, తెలుగులో తత్సమాలు వాడేవాళ్లకు కూడా, తెలిసిన మాటలు చాలా కనిపిస్తాయి. కింది మార్పుల్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మూల భాషలోని 'స' ఒత్తి పలికే అచ్చు ముందు 'గ్య' అయింది. పాము 'గ్యార్పర్', మన సర్పం. నిద్ర 'గ్యుమ', మన స్వప్నం. ఆరు 'గ్యాష్త', మన షష్. మిగతా కొన్ని స్థానాల్లో 'ష' అయింది. ఏడు 'ష్తాత', మన సప్త. 'స్క' అనే జంట 'హ' అయింది. నీడ 'హియె', మన ఛాయ.

హ్రస్వ 'ఒ' 'ఆ' అయింది. ఎముక 'ఆష్త్', మన అస్థి. రాత్రి 'నాత', సంస్కృతంలో నక్తం. కార్తీకమాసంలో నక్తం ఉండేవాళ్ల నోట ఇప్పటికీ ఆ మాట వినిపిస్తుంది. హ్రస్వ 'ఎ' చాలా చోట్ల 'యె' లేదా 'యా' అయింది. వండడం, కాల్చడం 'ప్యెక్', మన పాకంలోని పచ్ ధాతువు. మండించడం 'ద్యెగ్', మన దహనం. పొగమంచు 'మ్యెగుల్', మన మేఘం.

మహాప్రాణాలు ఒత్తు పోగొట్టుకున్నాయి. మేఘంలో 'ఘ' అక్కడ 'గ'. తేవడం 'బియె', మన భరించులోని భర్. మూల భాషలో తాలవ్యమైన 'క' సంస్కృతంలో 'శ' అయితే అల్బేనియన్‌లో 'థ' అయింది. అనడం 'థోమ్', మన ప్రశంసలోని శంస్. తాలవ్యమైన 'గ' అక్కడ 'ధ' లేదా 'ద'. పన్ను 'ధంబ్', సంస్కృతంలో జంభ. ఎ, ఇ అచ్చుల ముందు పెదవులు గుండ్రం చేసి పలికే 'క్వ' అక్కడ 'స' అయింది. అయిదు 'పెస', మన పంచ. అలాంటిదే 'ఘ్వ' అక్కడ జూ లోని 'జ' అయింది. నిప్పు 'జ్యార్', మన ఘర్మం.

సంస్కృతం పక్కనుందని దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే అచ్చుల దగ్గర ఇబ్బంది వస్తుంది. మూల భాషలోని ఎ, ఒ, అ మూడూ సంస్కృతంలో కలిసిపోయి 'అ' అయ్యాయి. నక్తంలోని 'అ' ఒకప్పుడు ఏ అచ్చో సంస్కృతం చెప్పదు. లాటిన్ 'నోక్తెమ్' చూస్తే అది 'ఒ' అని తెలుస్తుంది. అందుకని హల్లులకు సంస్కృతాన్ని, అచ్చులకు గ్రీకును, లాటిన్‌ను పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు ఎదురు ప్రశ్న వేసుకోవాలి. 'నాత' లాటిన్ 'నోక్తెమ్' నుంచే వచ్చి ఉండొచ్చు కదా? వస్తే 'ఒ' నిలిచి ఉండాలి. లాటిన్ 'రోతా' నుంచి వచ్చిన చక్రం 'ర్రోత'లో అలాగే నిలిచింది. 'క్త' కూడా 'ఫ్త' లేదా 'య్త' కావాలి. రెండూ జరగలేదు. కాబట్టి 'నాత' సొంత మాట. ఎనిమిది 'తెత'లో కూడా పాత 'క్త' ఉత్త 'త'గానే మిగిలింది, అదీ సొంతమే. వంద 'క్యింద్' మాత్రం సొంతమైతే మొదట్లో 'థ' ఉండాల్సింది. పది దాకా చాలావరకు సొంత అంకెలుండి, వందను, వెయ్యిని లాటిన్ నుంచి తెచ్చుకున్నారు. ఈ ఎదురు ప్రశ్న ప్రతి మాటకూ వేయండి. అది లేకుండా చేసిన పని సగం పనే.

6. ఎక్కడా దొరక్కపోతే రొమేనియన్ వైపు చూడండి

పశువుల పెంపకం, అడవి, శరీర భాగాలకు చెందిన కొన్ని మాటలు అల్బేనియన్‌లో, రొమేనియన్‌లో మాత్రమే కలుస్తాయి. గొర్రెల దొడ్డి ఇక్కడ 'థార్క్', అక్కడ 'త్సార్క్'. బఠానీ ఇక్కడ 'మోధుల్', అక్కడ 'మాజరె'. పెదవి ఇక్కడ 'బుజ', అక్కడ 'బుజా'. ఇవి లాటిన్ కావు, స్లావిక్ కావు. రొమేనియన్‌లో 'త్స' ఉన్న చోట అల్బేనియన్‌లో 'థ' ఉండటం వల్ల, ఇప్పటి 'థ' ఒకప్పుడు 'త్స' లాంటి ధ్వనిగా ఉండేదని అర్థమవుతుంది. ఇలాంటి మాట దొరికితే 'రెండు భాషలకూ ఉమ్మడి' అని రాసి ఆగండి. దాన్ని పట్టుకుని ఇల్లిరియన్, త్రేసియన్ లాంటి బాల్కన్ ప్రాచీన భాషల పేరు పెట్టే తొందర వద్దు. ఇల్లిరియన్ మనకు ఎక్కువగా మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లుగానే మిగిలింది. దానితో వాక్యాలు పోల్చి చూసే వీలే లేదు.

7. అర్థాన్ని చివర చూడండి

ఈ క్రమం తిరగేస్తే పని చెడుతుంది. 'మోతర్' అంటే సోదరి. ధ్వనుల ప్రకారం అది మన 'మాతృ'తో అచ్చంగా సరిపోతుంది, దీర్ఘ 'ఆ' 'ఒ' కావడంతో సహా. అర్థం తేడాగా ఉందని దాన్ని తోసేయకూడదు, ధ్వనులు సరిపోయాక అర్థం మారడాన్ని ఒప్పుకోవచ్చు.

అర్థం మరీ అందంగా కుదిరినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండండి. అల్బేనియన్లు తమ భాషను 'ష్క్యిప్' అంటారు, గద్దను 'ష్క్యిపోన్య' అంటారు, జెండా మీద రెండు తలల గద్ద ఉంది. అందుకే తమది గద్దల దేశమని చెప్పుకుంటారు. కానీ 15వ శతాబ్దంలో ఇటలీకి వెళ్లినవాళ్లు తమను ఇప్పటికీ అర్బరెష్ అనే పిలుచుకుంటారు. పాత పేరు అర్బర్, గేగ్‌లో అర్బన్. 'ష్క్యిప్' వాడుక తర్వాత బలపడింది. స్పష్టంగా పలకడం అనే అర్థమున్న క్రియతో, దాని ద్వారా లాటిన్ 'ఎక్స్‌కిపెరె'తో దాన్ని కలిపే వాదన కూడా ఉంది. గద్ద కథను ప్రజల అభిమానంగా గౌరవించండి, వ్యుత్పత్తిగా రాసుకోకండి.

చిన్నపిల్లల మాటల్నీ సాక్ష్యంగా తేవద్దు. అమ్మను తోస్క్‌లో 'నన', గేగ్‌లో 'నాన' అంటారు. ఇలాంటివి ఎక్కడైనా వాటంతట అవే పుడతాయి.

8. మీ నిర్ణయాన్ని మూడు వరసల్లో రాసుకోండి

మొదటి వరసలో రెండు మాండలికాల రూపాలు, దొరికిన పాత రూపం. రెండో వరసలో జరిగిన మార్పులు, జరగని మార్పులు. మూడో వరసలో నిర్ణయం, పక్కనే 'కచ్చితం', 'బహుశా', 'తేలలేదు' అని మూడింట్లో ఒకటి.

సముద్రతీరంలోని వ్లోర నగరంతో మొదలుపెట్టండి. 1912లో అల్బేనియా స్వాతంత్ర్యం ప్రకటించింది అక్కడే. తోస్క్ 'వ్లోర', గేగ్ 'వ్లోన', ఇటాలియన్‌లో 'వలోనా', ప్రాచీన గ్రీకు పేరు 'ఆవులోన్'. మొదటి అచ్చు రాలింది, తోస్క్‌లో 'న' 'ర' అయింది. 'జాకోన్'లా తప్పించుకోలేదు కాబట్టి, ఆ మార్పు నడుస్తున్న కాలానికే ఆ పేరు అక్కడివాళ్ల నోట ఉంది. పక్కన 'కచ్చితం' అని రాసుకుని, తర్వాత క్యాబేజీ 'లాకర్' తీసుకోండి. గేగ్ రూపం 'లాకన్', గ్రీకులో కూరాకు 'లాఖనోన్'.